గల్ఫ్ నుంచి వచ్చేశాం, పిల్లలూ పెద్దవాళ్లయ్యారు... ఇప్పుడేం పని చేయాలి?

నిజామాబాద్‌లో మా మొహల్లా మస్జిద్ మెట్ల మీద, ఫజర్ నమాజు అయ్యాక ఐదారుగురు పెద్దవాళ్లు కాసేపు కూర్చుంటారు. అందులో సగం మంది సౌదీ, దుబాయ్, కువైట్‌లలో పనిచేసి వచ్చినవాళ్లే. సలాం, ఖైరియత్ అయ్యాక ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడేం చేస్తున్నారు భాయ్?" చాలామంది ఈ ప్రశ్న రాగానే తల దించుకుంటారు. "ఏముంది, ఖాళీనే" అంటారు. ఇరవై ఏళ్లు ఇంటికి డబ్బు పంపి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, ఇల్లు కట్టిన మనిషి అలా తల దించుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఇంట్లో ఆడవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. వాళ్లను ఈ ప్రశ్న అసలు ఎవరూ అడగరు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయిపోయాక నలభై ఐదు, యాభై ఏళ్ల వయసులో చేతిలో సమయం మిగులుతుంది. "నేనూ ఏదైనా చేయగలనా?" అని వాళ్లకు అనిపిస్తుంది కానీ, బయటికి అనరు.

ఈ వయసులో డబ్బుతో పాటు మనసుకు తృప్తినిచ్చే పని దొరుకుతుందా? దొరుకుతుంది. అయితే దాన్ని వెతికే పద్ధతిలో మన ఇళ్లలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

డబ్బు చేతికి రాగానే షాపు

మా ఇంటి సంగతే చెబుతాను. అబ్బాజాన్ దమ్మామ్‌లో 19 ఏళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేశారు. ఏడేళ్ల కిందట, 51 ఏళ్ల వయసులో తిరిగొచ్చారు. వచ్చిన రెండో నెలలోనే అందరూ ఇచ్చిన సలహా ఒకటే, "కిరాణా షాపు పెట్టుకో, నీడపట్టున కూర్చోవచ్చు" అని. ఐదు లక్షలు పెట్టి షాపు తెరిచారు. నేనప్పుడు బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. లెక్కలు రాసింది నేనే. పద్నాలుగు నెలల తర్వాత షట్టర్ దించినప్పుడు, ఉధార్ పుస్తకంలో రావాల్సిన బాకీ 63 వేలు మిగిలింది. అందులో చాలా వరకు ఇప్పటికీ రాలేదు. మొహమాటం కొద్దీ అబ్బాజాన్ అడగనూ లేదు.

షాపు పెట్టేముందు నేను ఒక కాగితం మీద వేయాల్సిన లెక్క ఇది. అప్పుడు వేయలేదు, ఇప్పుడు మీ కోసం వేస్తున్నాను. అద్దె 8,000, కరెంటు 1,500, సాయానికి ఒక కుర్రాడి జీతం 9,000 అనుకుందాం. నెలకు 18,500 ఖర్చు. వంద రూపాయల సరుకు అమ్మితే సగటున పది రూపాయలు మిగులుతాయనుకుంటే, ఈ ఖర్చులు తేలడానికే నెలకు 1,85,000 రూపాయల అమ్మకం జరగాలి. అంటే రోజుకు దాదాపు 6,200. ఇందులో మీ కష్టానికి ఒక్క రూపాయి లేదు. మీకు నెలకు 15,000 మిగలాలంటే అమ్మకం 3,35,000కు చేరాలి. అంటే రోజుకు 11 వేల పైమాటే. మీ వీధిలో ఇప్పటికే నాలుగు షాపులుంటే అంత అమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? మీ అద్దె, మీ లాభం వేరేగా ఉండొచ్చు. ఆ అంకెలు పెట్టి లెక్క మాత్రం వేసుకోండి.

కిరాణా షాపు చెడ్డ పని అని నేను అనడం లేదు. చిన్నప్పటి నుంచి వ్యాపారంలో పెరిగినవాళ్లు దాన్ని బాగానే నడుపుతారు. కానీ అబ్బాజాన్‌కు వ్యాపారం రాదు. ఆయనకు వచ్చింది మెషిన్ల పని. ఐదు లక్షలు పోసి తనకు రాని పనిని కొనుక్కున్నారు.

చేతిలో ఉన్న పనే దారి చూపింది

షాపు మూసే రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. పక్కింటి చాచా వాళ్ల ఫ్రిజ్ చల్లబడడం లేదని అబ్బాజాన్‌ను పిలిచారు. పదకొండింటికి వెళ్లిన మనిషి మూడున్నర దాకా రాలేదు. అన్నం సంగతే మర్చిపోయారు. వచ్చాక చేతులు కడుక్కుంటూ, ఫ్రిజ్‌లో ఏం పాడైందో, ఎలా పట్టుకున్నారో అమ్మీకి అరగంట చెప్పారు. షాపులో కూర్చున్న పద్నాలుగు నెలల్లో ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడడం నేను ఒక్కసారీ చూడలేదు.

తర్వాత ఆయన షాపు కోసం మళ్లీ అప్పు చేయలేదు. గేజ్ సెట్, వాక్యూమ్ పంపు, చిన్న సామాన్లు కలిపి 38 వేలు ఖర్చు పెట్టారు. అంతే పెట్టుబడి. బోర్డు కూడా లేదు. ఫ్రిజ్‌లు, ఏసీలు, ఆ తర్వాత వాషింగ్ మెషిన్లు. వాషింగ్ మెషిన్ పని ఆయనకు రాదు. ఊళ్లో ఒక 24 ఏళ్ల కుర్రాడి దగ్గర నేర్చుకున్నారు. "కొడుకు వయసు వాడి దగ్గర నేర్చుకోవడం ఏంటి?" అని కొందరు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

మోకాళ్లు ఇప్పుడు సహకరించవు, గోడలెక్కి ఏసీ బయటి యూనిట్ దించడం ఆయన వల్ల కాదు. ఆ పనికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నారు, వాళ్లకు పని నేర్పుతున్నారు. వాళ్లు ఆయన్ని ఉస్తాద్ అని పిలుస్తారు. సంపాదన సౌదీలో వచ్చినంత రాదు. చలికాలంలో మరీ తగ్గుతుంది. అయినా పొద్దున్నే ఫోన్ మోగితే ఆయన ముఖంలో కనిపించే వెలుగు వేరు.

ఇందులో నాకు అర్థమైంది ఒకటే. యాభై దాటాక పని వెతకడం డబ్బుతో మొదలు కాకూడదు, మనకు ఇప్పటికే ఏం వచ్చు అన్న దగ్గర మొదలు కావాలి. పెట్టుబడి సంగతి ఆ తర్వాత.

మూడు ప్రశ్నలు, ఒక నోటుబుక్కు

ఒక నోటుబుక్కు తీసుకుని ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. రాయడం ఇబ్బందైతే కొడుకో కూతురో పక్కన కూర్చుని రాయాలి.

ఒకటి, గత ఏడాదిలో జనం నా దగ్గరికి ఏ సాయం కోసం వచ్చారు? బ్లౌజు కొలత కోసమా, కరెంటు పని కోసమా, దావత్‌లో బిర్యానీ దేగ్ చూడమనా, పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పమనా, పాస్‌పోర్టు ఫారం నింపమనా? అడక్కుండానే జనం ఏ పనికి వస్తున్నారో, ఆ పనిలో మీ మీద నమ్మకం ఇప్పటికే ఉందన్నమాట.

రెండు, ఏ పని చేస్తుంటే సమయం తెలియదు? అన్నం మర్చిపోయేంత పని ఏదైనా ఉందా?

మూడు, ఆ పనిని నా శరీరం ఇంకో పదేళ్లు మోయగలదా? మోయలేకపోతే అందులో ఏ భాగం నేను చేయాలి, ఏ భాగం వేరేవాళ్లతో చేయించాలి? బరువులు ఎత్తలేని మేస్త్రీ పని లెక్క కట్టగలడు, కుర్రాళ్ల పని చూసుకోగలడు. కళ్లు తగ్గిన దర్జీ కటింగ్ నేర్పగలడు.

జవాబులు వచ్చాక మూడు నెలలు చిన్నగా చేసి చూడండి. అద్దె షాపు వద్దు, బోర్డు వద్దు. ఎంత వచ్చింది, ఎంత పోయింది రోజూ రాయండి. మూడు నెలల తర్వాత కూడా ఆ పని మీద మీకు ఇష్టం ఉంటే, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ పిలుస్తుంటే, అప్పుడు ఇంకో అడుగు వేయొచ్చు.

తిరిగొచ్చే ముందే చేసుకోవాల్సిన లెక్క

ఇంకా గల్ఫ్‌లో ఉన్న భాయ్‌లు ఇది తప్పక చదవాలి. ప్రభుత్వ ఉద్యోగి రిటైర్మెంటు వయసు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ఆ తేదీ ముందే తెలుసు కాబట్టి వాళ్లు సిద్ధపడతారు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల తేదీ కంపెనీ చేతిలో, వీసా చేతిలో ఉంటుంది. కాబట్టి మీకు రావాల్సిన సర్వీసు డబ్బు ఎంతో ముందే తెలుసుకుని ఉండాలి.

సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం లెక్కన ఇవ్వాలి. ఉదాహరణకు చివరి జీతం 2,000 రియాళ్లు, సర్వీసు 12 ఏళ్లు అయితే, మొదటి ఐదేళ్లకు 5,000, మిగతా ఏడేళ్లకు 14,000, మొత్తం 19,000 రియాళ్లు. మీరే రాజీనామా చేస్తే లెక్క మారుతుంది. రెండు నుంచి ఐదేళ్ల సర్వీసుకు అందులో మూడో వంతు, ఐదు నుంచి పదేళ్లకు మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే పూర్తి మొత్తం. యూఏఈలో బేసిక్ జీతం మీద మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజుల జీతం. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు నిబంధనలు వేరు.

ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క మీ చేతిలో ఉండాలి. అనుభవ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. ఇక్కడ పనికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

ఇక్కడే ప్రైవేటు కంపెనీలో చేసి మానేసినవాళ్లు పీఎఫ్ ఖాతా చూసుకోండి. పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకు నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. తొందరపడి మొత్తం తీసేసుకోకండి.

ఆ డబ్బు వచ్చాక మొదట ఏడాది ఇంటి ఖర్చు విడిగా పెట్టండి. కొత్త పనికి మిగిలిన దాంట్లో కొంత భాగమే వాడండి.

ఆడవాళ్లకు దారులు

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. ఆరో తరగతిలో బడి మాన్పించారు. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లయ్యాక, 48 ఏళ్ల వయసులో ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాశారు. లెక్కల్లో రెండుసార్లు తప్పారు, మూడోసారి పాసయ్యారు. మెమో తెచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచారు. "ఉద్యోగం కోసం కాదు బేటా, బ్యాంకులో ఫారం నేనే నింపుకోవాలని" అన్నారు. ఇప్పుడు ఇంట్లో పదిమంది ఆడవాళ్లకు కుట్టు నేర్పుతున్నారు. కొలతల లెక్క పుస్తకంలో రాయించి మరీ నేర్పుతారు.

జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో, అంటే ఎన్‌ఐఓఎస్‌లో, పదో తరగతికి గరిష్ఠ వయసు పరిమితి లేదు. ఒకసారి పేరు నమోదైతే ఐదేళ్ల లోపు ఒక్కో సబ్జెక్టూ పూర్తి చేసుకోవచ్చు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలు రెండూ ఉన్నాయి. ఆ తర్వాత డిగ్రీ చేయాలనుకుంటే హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉర్దూలో చదవాలనుకునేవాళ్లకు మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్య ఉన్నాయి.

వంట బాగా చేసే అమ్మీలు ఇంటి నుంచే పచ్చళ్లు, ఖుబానీ కా మీఠా, సమోసాలు అమ్ముకోవచ్చు. తినే వస్తువు అమ్మేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. అమ్మకాలు చిన్న స్థాయిలో ఉంటే చిన్న రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. దుకాణాలకు సరుకు వేయాలన్నా, ఆన్‌లైన్‌లో అమ్మాలన్నా ఆ నంబరు అడుగుతారు. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. నూనె, గ్యాసు, డబ్బాలతో పాటు మీ గంటలకూ ధర కట్టండి. "ఇంట్లోనే కదా చేసేది" అని కష్టానికి లెక్క కట్టకపోతే, ఆరు నెలల్లో ఒళ్లు అలసిపోతుంది, చేతిలో ఏమీ మిగలదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సెట్విన్ ఉంది. జంట నగరాల్లో ఉపాధి శిక్షణ కోసం 1978లో ఏర్పాటైన సంస్థ అది. కుట్టు, కంప్యూటర్ లాంటి కోర్సులు తక్కువ ఫీజుతో నేర్పుతారు.

వడ్డీ లేకుండా ఎలా?

మన ఇళ్లలో పథకాల మాట రాగానే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. పీఎంఈజీపీ, ముద్ర లాంటి పథకాల్లో బ్యాంకు రుణం ఉంటుంది, దానికి వడ్డీ ఉంటుంది. పీఎంఈజీపీలో మైనారిటీలకు, మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉన్నా, మిగతాది బ్యాంకు రుణమే. తీసుకోవాలా వద్దా అన్నది మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. నేను చెప్పగలిగింది వడ్డీ వద్దనుకునేవాళ్లకు ఏ దారులున్నాయన్నది.

మొదటిది పీఎం విశ్వకర్మ పథకం. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. దర్జీ, వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవారు, మంగలి, చెప్పులు కుట్టేవారు, తాపీ మేస్త్రీ ఇలా 18 వృత్తులకు వర్తిస్తుంది. 18 ఏళ్లు నిండి ఆ పని చేస్తున్నవాళ్లు అర్హులు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్ల కోసం 15,000 రూపాయల ఈ-వోచర్ ఇస్తారు. ఇందులో రుణం కూడా ఉంది, దానికి 5 శాతం వడ్డీ. కానీ రుణం తీసుకోవడం మీ ఇష్టం. శిక్షణ, పనిముట్లతోనే ఆగిపోవచ్చు. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేస్తారు. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ పని ఈ 18లో లేదు.

రెండోది ముజారబత్. ఒకరు డబ్బు పెడతారు, ఇంకొకరు పని చేస్తారు. లాభాన్ని ముందే మాట్లాడుకున్న వంతుల్లో పంచుకుంటారు. పనిచేసేవారి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే, డబ్బు నష్టం పెట్టినవారిది, పనిచేసినవారి కష్టం వృథా అవుతుంది. "లాభం వచ్చినా రాకపోయినా నెలకు ఇంత ఇవ్వాలి" అని ఖాయం చేస్తే అది ముజారబత్ కాదు. ఇద్దరూ సొంత బావామరదులైనా సరే, షరతులు కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. రాతలో పెట్టడం అపనమ్మకం కాదు, అప్పు విషయంలో రాసుకోమని ఖురానే చెబుతోంది.

మూడోది అన్నింటికన్నా తేలిక. చేతిలో ఉన్నంతతో చిన్నగా మొదలుపెట్టడం. అబ్బాజాన్ 38 వేలు అలాంటివే.

పేరు నమోదు సంగతికొస్తే, చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దీనికి వేలు అడిగే ఏజెంట్లను నమ్మకండి.

పిల్లలకు ఒక మాట

"అబ్బా, మీరిక కూర్చోండి, మేం చూసుకుంటాం" అని మనం ప్రేమతోనే అంటాం. నేనూ అన్నాను. అబ్బాజాన్ ఏమీ అనలేదు. రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నారు. కూర్చోమంటే ఆయనకు "నీ అవసరం తీరిపోయింది" అన్నట్టు వినిపించిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. డబ్బు మనం ఇవ్వగలం. నలుగురికి పనికొస్తున్నానన్న భావన మాత్రం మనం ఇచ్చేది కాదు, వాళ్లు పని చేసి తెచ్చుకోవాల్సిందే.

హజ్రత్ దావూద్ అలైహిస్సలాం నబీ అయి ఉండి, రాజ్యం ఉండి కూడా తన చేతి పని మీదే తినేవారని హదీసులో ఉంది. ఖియామత్ వస్తున్న వేళ చేతిలో మొక్క ఉన్నా, వీలైతే నాటమని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. ఆ చెట్టు నీడలో ఎవరు కూర్చుంటారన్న లెక్క అందులో లేదు. అలాంటప్పుడు యాభై ఏళ్ల మనిషిని పట్టుకుని "ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?" అని మనం ఎలా అంటాం?

కాబట్టి మనం చేయగలిగిన పనులు చేద్దాం. ఫారాలు నింపిపెట్టడం, ఫోన్‌లో లొకేషన్ చూడడం, డిజిటల్ చెల్లింపు నేర్పడం, నెలాఖరున లెక్క చూడడం. మోకాలి నొప్పికి, షుగరుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. నిర్ణయం మాత్రం వాళ్లకే వదిలేద్దాం.

మొన్న ఫజర్ తర్వాత అబ్బాజాన్‌తో కలిసి నేనూ మస్జిద్ మెట్ల మీద కూర్చున్నాను. కొత్తగా కువైట్ నుంచి వచ్చిన ఒకాయన అబ్బాజాన్‌ను అడిగారు, "ఇప్పుడేం చేస్తున్నారు భాయ్?" అని. అబ్బాజాన్ జవాబు చెప్పేలోపే ఆయన ఫోన్ మోగింది. ఎవరి ఇంట్లోనో ఫ్రిజ్ ఆగిపోయింది. లేస్తూ ఆయన్నే అడిగారు, "మీకు ఏం పని వచ్చు?"